ఎండలో ఆరేసిన సినిమా

మా ఇంట్లో ఎండకు పెట్టని వస్తువంటూ ఉండేది కాదు. దూది ఏకే ఇల్లు మాది. చెమ్మ తగిలిన దూది ఏకే విల్లుకు లొంగదు. ఉండలు కట్టి, నారికి చుట్టుకుని, ఏకేవాడి చెయ్యి లాగేస్తుంది. అందుకని ఎవరైనా పాత పరుపు తెచ్చి పడేస్తే, దాని కుట్లు విప్పి లోపలి దూదిని వాకిట్లో చాప మీద పరచడం అమ్మ మొదటి పని. పొద్దున మట్టిబెడ్డల్లా ఉన్న దూది మధ్యాహ్నానికి పొంగి చాప దాటేది. అప్పుడు గానీ నాయన విల్లు ముట్టుకునేవాడు కాదు.

ఈ అలవాటు దూదితో ఆగలేదు. చింతపండు, బియ్యం, వానకు తడిసిన నాయన చెప్పులు, నేను గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకాలు, ఒకసారి జలుబు చేసిన మేకపిల్ల, అన్నీ ఆ చాప ఎక్కినవే. పుస్తకాలు ఎండలో పెడితే అట్టలు వంకర పోతాయని నేను చదివి వచ్చి చెబితే, వంకరపోయినా చదవొచ్చు, బూజు పడితే చదవలేవు గదా అంది అమ్మ.

అలాంటి ఇంట్లో ఉండి నేను సినిమాలు తీశాను.

బళ్లో నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తర్వాత పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో కాటా దగ్గర కుదిరాను. రైతులు బండ్ల మీద తెచ్చిన పత్తిని తూయించి చీటీ రాసివ్వడం నా పని. మిగతా చదువంతా అద్దంకి రోడ్డు మీద, పొగాకు కాల్చే బ్యారన్లు దాటాక ఉండే గ్రంథాలయంలో జరిగింది. రెండు గదుల పెంకుటిల్లు అది. ముందు గదిలో పత్రికలు, లోపలి గదిలో అద్దాల బీరువాలు. ఏ పుస్తకం ముందు చదవాలో చెప్పేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి మొదటి బీరువా పై అరలో ఎడమవైపు నుంచి మొదలుపెట్టి వరసగా చదువుకుంటూ పోయాను. అందువల్ల తేనెటీగల పెంపకం తర్వాత రోము చక్రవర్తులు, వాళ్ల తర్వాత మశూచి, ఆ తర్వాత నక్షత్రాలు నా తలలోకి వచ్చి చేరాయి. మిల్లుకు వచ్చే రైతులు నన్ను పండితుడా అని పిలిచేవాళ్లు. ఎగతాళికే అనేవాళ్లు. నేను మాత్రం దాన్ని బిరుదు కిందే తీసుకున్నాను, ఇప్పటికీ తిరిగి ఇవ్వలేదు.

అలా చదువుతూ చదువుతూ ఒక బీరువా అడుగు అరలో ఒక ఇంగ్లీషు పుస్తకం దగ్గరికి చేరాను. ఫొటోలు, కదిలే బొమ్మలు ఎవరికి వారు ఎలా తీసుకోవచ్చో చెప్పే పుస్తకం. ఊరు విడిచి వెళ్లిపోయిన ఏ ఉద్యోగో ఇచ్చిపోయి ఉంటాడు. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివితే ఒక సాయంత్రానికి ఒక పేజీ కదిలేది. గ్రంథపాలకుడు ముక్కుపొడుం పీలుస్తూ నన్ను గమనించేవాడు. ఆ పుస్తకాన్ని నాకంటే ముందు ముట్టుకున్నవి చెదపురుగులేనని, అవి కూడా సగంలో ఆపేశాయని ఒకరోజు అన్నాడు. నేను ఆపలేదు.

ఆపకపోవడానికి కారణం ఉంది. చిన్నప్పుడు ఏటా కోతలు అయ్యాక మా ఊరికి డేరా సినిమా వచ్చేది. నేల టిక్కెట్టులో ఇసుక మీద కూర్చునేవాళ్లం. అందరూ తెర వైపు చూస్తే నేను వెనక్కి తిరిగి, మిషను గదిలోంచి వచ్చే వెలుతురును చూసేవాణ్ని. ఆ వెలుతురులో బీడీ పొగ సుళ్లు తిరిగేది. అచ్చం అలాంటిదే మా ఇంట్లో రోజూ చూసేవాణ్ని. నాయన దూది ఏకే గది కప్పులో ఒక గాజు పెంకు ఉండేది. పొద్దునపూట అందులోంచి ఒక వెలుతురు స్తంభం వాలుగా దిగేది. నాయన నారిని మోగించినప్పుడల్లా అందులో నూగు లేచి, తిరిగి, మెల్లగా దిగేది. సినిమా అంటే కూడా ఎవరో వెనక గదిలో కూర్చుని దూది ఏకడమేనని చాలా రోజులు అనుకున్నాను. తర్వాత చదివిన పుస్తకాలన్నీ కలిసి కూడా ఆ అభిప్రాయాన్ని పూర్తిగా మార్చలేకపోయాయి.

కెమెరా ఎలా వచ్చిందో చెప్పాలి. మిల్లు పని మీద గుంటూరు వెళ్లినప్పుడల్లా ఒక ఫొటో స్టూడియో ముందు అద్దాల పెట్టె దగ్గర నిలబడేవాణ్ని. అందులో దండలు వేసుకున్న పెళ్లి జంటల మధ్య ఒక చిన్న సినిమా కెమెరా ఉండేది. అరచేతిలో పట్టేంతది, కీ ఇస్తే తిరిగేది. దాని చుట్టం ప్రొజెక్టరు లోపల అటక మీద ఉండేది. స్టూడియో ఆయనకు ఆ రెండూ ఎవరి దగ్గర్నుంచో వచ్చాయి గానీ వాటికి గిరాకీ లేదు. ఫొటో అయితే గోడకు తగిలించుకుంటారు, దీన్ని తీసుకెళ్లి ఎక్కడ తగిలించుకుంటారయ్యా అనేవాడు. అప్పుడే ఆయన కొత్త ఇల్లు కట్టుకున్నాడు. మాటల్లో పరుపుల ప్రసక్తి వచ్చింది. ఇంటికి కావలసిన పరుపులు, దిండ్లు, బాలీసులు అన్నీ మేం చేసి ఇచ్చేటట్టు, బదులుగా కెమెరా నాది అయ్యేటట్టు, ప్రొజెక్టరు అడిగినప్పుడు ఎరువిచ్చేటట్టు ఒప్పందం చేసుకుని ఇంటికి వచ్చాను.

నాయన అంతా విని అడిగాడు. "అది తింటానికి పనికొచ్చిద్దా?"

"రాదు నాయనా."

"కప్పుకుంటానికి?"

"రాదు."

"మరి మనం చేసే పరుపు పడుకుంటానికన్నా వచ్చిద్ది గదరా."

అలా అన్నవాడే ఆ పరుపులకు ఏకినంత మెత్తగా మరే పరుపులకూ ఏకలేదని అమ్మ చెబుతుంది. గుంటూరు నుంచి ఎవరూ వంక పెట్టకూడదని ఆయన పంతం.

నా మొదటి సినిమా మిరపకాయల కల్లం. మా ఇంటి వెనకాల రైతు తన పొలం చివర కాయను ఆరబోసేవాడు. పొద్దుటి ఎండలో ఆ ఎరుపు చూస్తే ఎవరికైనా కెమెరా పట్టుకోవాలనిపిస్తుంది. నా దగ్గరున్నది నలుపు తెలుపు ఫిల్ము. ఆ సంగతి తెలిసి కూడా ఆ ఎరుపు ముందు మర్చిపోయాను. ఫిల్ము కడగడానికి బొంబాయి పంపాలి. అక్కణ్నుంచి తిరిగి వచ్చాక రైతును పిలిచి చూపించాను. ఎకరం కల్లం నిండా పాలిపోయిన బూడిదరంగు కాయలు. ఆయన చాలాసేపు చూసి, "ఒరేయ్, మేలు కాయనంతా తాలు కాయ చేశావు గదరా. ఇది గుంటూరు యార్డులో ఎవుడన్నా చూస్తే నా సరుకు రేటు దిగ్గొడతాడు," అన్నాడు. ఆ సినిమా ఇంకెవరికీ చూపించనని నా చేత మాట తీసుకుని వెళ్లాడు. మాట నిలబెట్టుకున్నాను.

తర్వాత జిన్నింగు మిల్లు, వేటపాలెం పోయే బస్సు, చెరుకురసం బండి, నిప్పులు పోసిన ఇస్త్రీపెట్టె, ఇలా కదిలేదేదైనా తీశాను. నటులు లేరు, కథ లేదు. కథ రాయడానికి ప్రయత్నించాను గానీ, నా కథలో మనుషులు నేను చదివిన పుస్తకాల్లో మాదిరి మాట్లాడేవాళ్లు. మా వీధిలో ఎవరూ అలా మాట్లాడరు. మూగ సినిమాయే నయమనిపించింది.

వీటన్నిటి మధ్యా తీయాలనుకున్నది మాత్రం ఒకటే. ఆ గదిలో, ఆ గాజు పెంకు కింద నాయన. ఆయన ఒప్పుకునేవాడు కాదు. గడ్డం నిండా దూది అంటుకుని ముసలి కొండముచ్చులా ఉంటాను, నలుగురూ నవ్వడానికి నేనెందుకు అనేవాడు. ఇంకా గట్టిగా అడిగితే, బొమ్మలు కూడదని మసీదులో పెద్దాయన చెప్పాడని సాకు తీసేవాడు. ఆ పెద్దాయన గుంటూరు వెళ్లిన ప్రతిసారీ మ్యాట్నీ చూసే వస్తాడని అమ్మ లోపల్నుంచి గుర్తు చేసేది. నాయన విననట్టు బీడీ వెలిగించుకునేవాడు.

అరవయ్యో దశకం సగానికి వచ్చేసరికి ఆ బీడీ మానేశాడు. మానేసినా దగ్గు తగ్గలేదు. ఒంగోలు డాక్టరు ఎక్సరే తీయించి చూసి, పొగతో పాటు దూది నూగు కూడా మానాలన్నాడు. అదే ఏడు బజారులో కరెంటుతో దూది ఏకే మిషను పెట్టారు. నాయన పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు. ఒప్పుకున్న పని ఒక్కటి మిగిలింది, అది పూర్తి చేసి విల్లు గోడకు తగిలిస్తానని చెప్పాడు. అన్నం తింటూ చెప్పాడు, ఆవకాయ అడిగినట్టు.

అప్పుడు అమ్మ అడిగింది. నా కోసం అడిగిందనుకున్నాను. కాదు.

"ఏమయ్యా, వాణ్ని తీయనియ్యి. పెళ్లయి వచ్చిన కాణ్నుంచి నీ విల్లు చప్పుడు వింటమే గానీ, కూర్చుని చూసిందెప్పుడు? నువ్వు లోపల ఏకితే నేను బయట కుట్టేదాన్ని. చప్పుడు ఆగితే అన్నం పెట్టేదాన్ని. నువ్వు ఎట్టా ఏకుతావో నాకు తెలియదు."

నాయన చేతిలో ముద్ద కంచంలో పెట్టాడు. తర్వాత, "ఒక్కసారే," అన్నాడు నా వైపు చూసి. "మళ్లీ మళ్లీ చెయ్యమంటే చెయ్యను. ఊపిరి లేదు."

గదిలో వెలుతురు చాలదు. గాజు పెంకు నా కళ్లకు చాలేది గానీ ఫిల్ముకు చాలదని పుస్తకం చెప్పింది. అందుకని గాజు పెంకు చుట్టూ ఉన్న మట్టి పెంకులు కూడా తీసేశాను. ఒక్కసారిగా గది మధ్యలో ఎండ కుప్ప పోసినట్టయింది. నాయన తలగుడ్డ చుట్టుకున్నాడు. కప్పు నుంచి తాడుకు వేలాడే విల్లును చేతికి తీసుకుని, నారిని వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. నారిని కొట్టే కొయ్యదిమ్మె పట్టుకుని మొదలుపెట్టాడు. నేను కెమెరా తిప్పాను. ఆ ఫిల్ము ఒక పక్క అయ్యాక, అది చుట్టుకున్న స్పూలును తిరగేసి రెండో పక్క తీయాలి. నేను తిరగేస్తున్నంతసేపూ ఆయన ఆగలేదు. చివరికి పని అయిపోయి, నారి సడలించి, విల్లును గోడ మీద మేకుకు తగిలించేదాకా తీశాను. తగిలించాక కూడా ఆయన చెయ్యి విల్లు మీదే కాసేపు ఉంది. ఫిల్ము సరిగ్గా అక్కడికి అయిపోయింది. నా జన్మలో ఏ పనీ అంత కొలిచినట్టు కుదరలేదు.

అమ్మ అప్పుడు కూడా చూడలేదు. కప్పు మీద మిగిలిన పెంకులు జారకుండా, చూరుకు ఆనించిన నిచ్చెన పట్టుకుని బయట నిలబడింది.

ఆ సాయంత్రమే మబ్బు పట్టింది. రాత్రికి తుపాను గాలి. పెంకులు నేను తిరిగి కప్పాను గానీ, దానికి పుస్తకం లేదు కదా, నాకు తోచినట్టు కప్పాను. బస్సులు ఆగిపోయాయి, టపా కదలలేదు. బొంబాయి పంపాల్సిన ఫిల్ము డబ్బాను అట్టపెట్టెలో పెట్టి గూట్లో ఉంచాను. రోజుల తరబడి వాన. నేను కప్పిన పెంకుల సందులోంచి నీళ్లు కారి, గోడ వెంట దిగి, సరిగ్గా ఆ గూటిని వెతుక్కుంటూ వెళ్లాయి.

వాన వెలిసిన రోజు పొద్దున్నే మిల్లుకు వెళ్లాను. తడిసిన పత్తి బండ్లు వరస కట్టి ఉన్నాయి. మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో చాప పరిచి ఉంది. చాప మీద దుప్పట్లు, తడిసిన దూది, చింతపండు. ఒక పక్కన నా అట్టపెట్టె విప్పి, దాని పక్కన రేకు డబ్బా మూత తీసి, దాని పక్కన స్పూలు. ఎండలో తళతళ మెరుస్తోంది. కాకులు ఎత్తుకుపోకుండా అమ్మ దాని మీద చిన్న రాయి కూడా పెట్టింది.

నేను చాప పక్కన కూర్చుండిపోయాను. అమ్మ లోపల్నుంచి వచ్చింది.

"డబ్బా తడిసిందిరా. లోపల చెమ్మగా ఉంది. ఆరితే మంచిదని పెట్టా."

నేను స్పూలును తువ్వాలులో చుట్టి డబ్బాలో పెట్టాను. మూత వేశాను. అది వెలుతురు చూడకూడదమ్మా అన్నాను.

అమ్మ నా ముఖం చూసింది. "వెలుతురు లేకుండా బొమ్మ ఎట్టా వచ్చిద్దిరా? నువ్వే గదా చెప్పావు, అంతా వెలుతురేనని. నాలుగు పెంకులు పీకావు వెలుతురు కోసం."

అదీ నిజమే. వెలుతురు కావాలి, కానీ కొంచెమే కావాలి, కెమెరా కన్ను తెరిచినంతసేపే కావాలి. ఆ తర్వాత కడిగేదాకా చీకట్లోనే ఉండాలి. ఇవన్నీ నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతుంటే ఆమె ముఖం మారుతూ వచ్చింది. చివరికి అడిగింది. "అయితే పోయిందా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

నాయనకు చెప్పొద్దంది. మళ్లీ ఏకమని అడగడానికి లేదు. నారి సడలించాడు, డాక్టరు మాట ఉంది, దగ్గు అప్పుడప్పుడే సర్దుకుంటోంది. ఆ స్పూలులో లేకపోతే ఇంకెక్కడా లేదు.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లి నా పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి వెతికాను. ఫిల్మును ఎండలో ఉంచరాదు అని చాలా చోట్ల ఉంది. ఉంచితే ఏమవుతుందో ఎక్కడా లేదు. పక్క బీరువాలో భౌతికశాస్త్రం పుస్తకాలు కూడా దింపాను. గ్రంథపాలకుడు వచ్చి సంగతి అడిగితే చెప్పాను. ఆయన ముక్కుపొడుం డబ్బా మూసి, "చెయ్యొద్దన్న పని చేస్తే ఏమయ్యిద్దో ఏ పుస్తకమూ రాయదు నాయనా. అది చేసినోణ్నే అడగాలి," అన్నాడు. ఆ మాటకు నవ్వొచ్చింది. చేసినావిడ ఇంట్లో అన్నం ముట్టకుండా కూర్చుని ఉంది.

కానీ ఇన్నేళ్లు చదివింది ఊరికే పోలేదు. ఇంటికి నడుస్తూ ఆలోచించాను. స్పూలుకు రెండు పక్కలా గుండ్రటి రేకు బిళ్లలు ఉన్నాయి, కాబట్టి పక్కల నుంచి ఎండ సూటిగా దూరదు. ఫిల్ము గట్టిగా చుట్టి ఉంది. పై చుట్టు ఎండను తాగుతుంది, దాని కిందిది కొంత తాగుతుంది, ఆ కిందిది ఇంకా తక్కువ. పరుపు దూది కూడా అంతే కదా. తిరగెయ్యకుండా వదిలేస్తే పైన కరకరలాడుతుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. అమ్మ దూదినైతే గంటకోసారి తిరగేస్తుంది. దీన్ని విప్పి పరిచిందా లేదా అన్నదే ప్రశ్న.

ఇంటికి రాగానే అడిగాను. విప్పబోయిందట. చివర గట్టిగా పట్టి ఉంటే, నా వస్తువు కదా, చిరిగిపోతుందేమోనని వదిలేసిందట.

"విప్పితే తొందరగా ఆరేదే," అంది దిగులుగా.

"విప్పకపోవటమే మంచిదైందమ్మా," అన్నాను. ఆమె నమ్మలేదు. ఓదార్చడానికి అంటున్నాననుకుంది.

మర్నాడు ఫిల్మును బొంబాయికి పంపాను. ఇక ఎదురుచూడడమే. ఆ రోజుల్లో అమ్మ చాప చుట్టి మూల పెట్టేసింది. చింతపండుకు పురుగు పడుతున్నా బయటికి తీయలేదు. దుప్పట్లు లోపలే ఆరేసింది. నాయనకు విషయం తెలియదు కానీ ఆ మార్పు కనిపించింది. "ఏమే, ఈ ఏడు ఎండ మీద అలిగావా?" అన్నాడు. అమ్మ కుంపటి ఊదుకుంటూ ఉండిపోయింది. నాయన ఊపిరి మాత్రం రోజురోజుకూ మెరుగైంది. పొద్దున్నే మసీదు దాకా నడిచి వెళ్లి దగ్గకుండా తిరిగి వచ్చేవాడు. ఆ సంతోషాన్ని కూడా అమ్మ సగమే అనుభవించిందనుకుంటాను.

పార్సెలు మిల్లుకే వచ్చింది. విప్పి వెలుతురుకు పట్టి చూద్దామనుకుని మానేశాను. ఆ వారమే గుంటూరు వెళ్లి ప్రొజెక్టరు ఎరువు తెచ్చుకున్నాను. స్టూడియోలోనే చూసుకుని రావచ్చు. స్టూడియో ఆయన అదే అన్నాడు, బాగుంటేనే ఇంట్లో చూపించు, లేకపోతే ఫిల్ము రాలేదని చెప్పు అని. కానీ అమ్మ కంటే ముందు చూడడానికి నా మనసొప్పలేదు.

మరుసటి రోజు సెలవు. సాయంత్రం దాకా ఆగే ఓపిక లేక మధ్యాహ్నమే చీకటి చేశాం. పరుపుల ఇంట్లో చీకటికి కొదవా? కిటికీకి ఒక పరుపు, తలుపుకు ఒకటి, గాజు పెంకు కింద బొంత. గోడకు కొత్త పరుపు గుడ్డ బిగించి కట్టాం, అదే తెర. విల్లు ఆ పక్కన మేకుకే ఉంది. నాయన దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ గుమ్మం దగ్గర, పరుపుకూ గోడకూ మధ్య సందులో కూర్చుంది. లేచి వెళ్లిపోవడానికి వీలుగా కూర్చుందని నాకు అర్థమైంది.

మొదట తెల్లగా వచ్చింది. తెల్లగా, ఇంకా తెల్లగా. ప్రొజెక్టరు చప్పుడు తప్ప ఏమీ లేదు. తలగుడ్డ చుట్టుకోవడం ఉండాల్సిన చోటు అది. అది లేదు. నారి మీటి చెవి దగ్గర పెట్టుకోవడం ఉండాలి. అదీ లేదు. వెనకాల అమ్మ చీర కొంగు చప్పుడు వినిపించింది.

అంతలో ఆ తెలుపులోంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. తర్వాత భుజం. తర్వాత విల్లు. తెలుపు పక్కకు జరిగింది, నాయన వచ్చాడు.

ఏకుతున్నాడు. తల ఒక పక్కకు వంచి, కన్ను సగం మూసి, కొయ్యదిమ్మె పైకి లేపి దించుతున్నాడు. నారి కదలడం కనిపించదు, దూది లేవడమే కనిపిస్తుంది. బొమ్మకు ఒక అంచున ఎండ లోపలికి కారినట్టు తెల్లటి చార ఒకటి ఎగుడుదిగుడుగా పరుగెత్తుతూనే ఉంది. నూగు ఆ చారలోకి వెళ్లి కలిసిపోతోంది, అందులోంచే మళ్లీ పుడుతోంది. ఎక్కడిదాకా దూదో, ఎక్కడినుంచి మా వాకిట్లో ఎండో నేనే చెప్పలేకపోయాను. తీసినవాణ్ని నేను. అలాంటి బొమ్మ తీయడం నాకు రాదు.

"చప్పుడు లేదేందిరా?" అన్నాడు నాయన.

చప్పుడు దీనికి ఉండదని చెప్పాను. అయితే ఆయనే నోటితో మొదలుపెట్టాడు. నారి శబ్దాన్ని గొంతులోంచి తెస్తూ, తెర మీద చేతికి సరిగ్గా సరిపోయేటట్టు. రెండుసార్లు తప్పాడు. తప్పినప్పుడల్లా తెర మీద మనిషిని తొందరపడుతున్నాడని కసిరాడు. గుమ్మం దగ్గర అమ్మ నవ్వింది. అన్ని రోజుల తర్వాత అమ్మ నవ్వు. ఆ సందులోంచి జరిగి జరిగి వచ్చి తెరకు ఎదురుగా కూర్చుంది.

"ఎడం కాలు అట్టా ఊపుతావా ఏకేటప్పుడు?" అంది.

"ఊపుతానా?" అన్నాడు నాయన. ఆయనకూ తెలియదు.

సినిమా చివరికి వచ్చేసరికి తెలుపు మళ్లీ పక్కనుంచి లోపలికి రావడం మొదలైంది. విల్లును, భుజాన్ని కప్పేసింది. చివరిగా ఆ చెయ్యి పైకి లేచింది. దిగడం కనిపించలేదు. తెర తెల్లగా అయిపోయింది, ఫిల్ము తోక ప్రొజెక్టరులో టపటపా కొట్టుకుంది.

నాయన అడిగాడు. "విల్లు తగిలించింది ఏదిరా? అది తీశావు గదా?"

అప్పుడు చెప్పేశాను. వాన, గూడు, చాప, రాయి, అన్నీ. ఫిల్ము మొదటి పక్క అటు వెళ్లి, తిరగేశాక రెండో పక్క ఇటు వెనక్కి వస్తుంది కాబట్టి పై చుట్లలో ఉన్నవి మొదలు, చివర అని, ఎండ వాటినే తినేసిందని, మధ్యది అంతా దక్కిందని చెప్పాను. నాయన అమ్మ వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ చాప ఎందుకు వెయ్యలేదో ఆయనకు అప్పుడు అర్థమైనట్టుంది. ఏమంటాడోనని నేను ప్రొజెక్టరు ఆపకుండా చూస్తున్నాను.

అమ్మే ముందు మాట్లాడింది. "నాకైతే అది లేకపోవటమే బాగుంది," అంది. "గోడకు తగిలించింది రోజూ చూస్తానే ఉన్నా గదా. మళ్లీ తెర మీద కూడా ఎందుకు?"

నాయన దిండు వదిలి ముందుకు వంగాడు. "వీడు తీస్తే నువ్వు కత్తిరించావన్న మాట," అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "మళ్లీ వెయ్యి," అన్నాడు.

ఆ మధ్యాహ్నం దాన్ని ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. ప్రొజెక్టరు వేడెక్కి ఆపాల్సి వచ్చింది. కిటికీ పరుపు తీయగానే వెలుతురు దూకి లోపలికి వచ్చింది. అమ్మ ఆ పరుపును అటు నుంచి అటే బయటికి ఈడ్చుకెళ్లింది. కాసేపటికి మూలనున్న చాప కూడా వెళ్లింది. తర్వాత దుప్పట్లు, పురుగు పట్టిన చింతపండు.

నేను ఫిల్మును చుట్టి డబ్బాలో పెడుతుంటే గుమ్మంలో నిలబడి అడిగింది.

"అది కడిగింది గదా. ఇప్పుడు వెలుతురు చూసినా ఏం కాదు గదా?"

"ఏం కాదమ్మా," అన్నాను. ఆమె చెయ్యి చాపింది. నేను డబ్బా మూత బిగించి, "అయినా వద్దులే," అన్నాను.